సెల్ఫ్ తిరిగినా అందుకోని ఇంజిన్: చిన్న ట్రాక్టర్లలో, మరబోట్లలో లోపం కనిపెట్టే పద్ధతి

తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పుతున్నా, ఇంజిన్ తనంతట తాను నడక అందుకోకపోవడం చిన్న డీజిల్ యంత్రాల్లో తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. ‘సెల్ఫ్ కొడుతోంది, స్టార్ట్ కావడం లేదు’ అని డ్రైవర్లు ఫోనులో చెప్పేది దీన్నే. బ్యాటరీ చచ్చి సెల్ఫ్ అసలు తిరగకపోవడం వేరే సమస్య. క్లచ్ దగ్గరా పీటీవో (పనిముట్లను తిప్పే షాఫ్టు) దగ్గరా ఉండే రక్షణ స్విచ్‌లు చాలా బళ్లలో సెల్ఫ్‌నే ఆపేస్తాయి. కాబట్టి సెల్ఫ్ తిరుగుతోందంటే లోపం సాధారణంగా అక్కడ లేదని తేలిపోయినట్టే. ఇక వెతకాల్సింది ఇంధనంలో, గాలిలో, సిలిండర్ లోపలి ఒత్తిడిలో, సెల్ఫ్ తిరిగే వేగంలో.

ఈ వ్యాసం 15 నుంచి 25 హార్స్ పవర్ వరకు ఉండే చిన్న ట్రాక్టర్లను ప్రధానంగా తీసుకుంటుంది. విశాఖపట్నం చేపల రేవులోని మరబోట్ల డీజిల్ ఇంజిన్లు వాటికన్నా పెద్దవైనా పనిచేసే సూత్రం ఒకటే, మొరాయించే కారణాలూ ఎక్కువగా ఒకటే. రెండు చోట్లా పంపు విప్పి ఖర్చు పెట్టుకున్న తర్వాత, అసలు లోపం పైపులో చేరిన గాలి అనో, ట్యాంకు అడుగున చేరిన నీరు అనో తేలడం మామూలు. వరుస తప్పకుండా పరీక్షిస్తే ఆ ఖర్చులో చాలా భాగం తప్పుతుంది.

చారిత్రక నేపథ్యం

రుడాల్ఫ్ డీజిల్ రూపొందించిన ఇంజిన్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో జరిగిన పరీక్షలలో నెగ్గింది. నిప్పురవ్వ అవసరం లేకుండా, నొక్కుడుకు వేడెక్కిన గాలితోనే ఇంధనాన్ని మండించడం దాని కొత్తదనం. తొలి ఇంజిన్లలో ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మడానికి విడిగా గాలి కంప్రెసర్ ఉండేది, అందుకే అవి పెద్దవిగా, ఒకే చోట నిలిపి వాడేవిగా ఉండిపోయాయి. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ ఇంధన పంపులను పెద్ద సంఖ్యలో తయారు చేయడం మొదలుపెట్టాక డీజిల్ ఇంజిన్ లారీకీ ట్రాక్టరుకూ సరిపడే పరిమాణానికి వచ్చింది. మన దేశంలో 1951లో బెంగళూరులో మొదలైన మైకో సంస్థ ద్వారా ఆ పంపులూ నాజిళ్లూ ఊరూరికీ చేరాయి.

విశాఖ రేవు 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ నౌక రాకతో తెరుచుకుంది. 1957లో ఇక్కడ కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం ప్రారంభమైంది. 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. రేవు, రిఫైనరీ, చేపల రేవు, ఉక్కు కర్మాగారం అన్నీ ఒకే తీరంలో వెలియడంతో డీజిల్ మీద బతికే మెకానిక్కుల వృత్తి ఈ నగరంలో బాగా పాతుకుపోయింది. రేవుకూ ఉక్కు కర్మాగారానికీ నడుమనున్న గాజువాక ఆటోనగర్ అందుకు పేరుపడ్డ చోటు.

ఇంజిన్ అందుకోవడానికి కావలసినవి

పెట్రోల్ ఇంజిన్‌లో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిల్ ఇంజిన్‌లో ఆ పని గాలిదే. పిస్టన్ పైకి వస్తూ గాలిని దాని తొలి పరిమాణంలో పదిహేనో వంతు నుంచి ఇరవై రెండో వంతుకు కుదిస్తుంది. ఆ నొక్కుడుకు గాలి వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ సన్నటి తుంపరగా డీజిల్‌ను చిమ్మితే అది దానంతటదే అంటుకుంటుంది. పాత తరహా నాజిళ్లు చాలావరకు 175 నుంచి 250 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటాయి.

దీన్నిబట్టి ఇంజిన్ అందుకోవడానికి నాలుగు సమకూరాలి. ఒకటి, గాలి బుడగలు లేని శుభ్రమైన డీజిల్ నాజిల్ దాకా రావాలి. రెండు, సిలిండర్‌లోకి చాలినంత గాలి చేరాలి. మూడు, ఆ గాలి బయటికి జారిపోకుండా నొక్కుడు (కంప్రెషన్) పడాలి. నాలుగు, నొక్కుడుకు పుట్టిన వేడి సిలిండర్ గోడలకు ఆరిపోయేలోపే ఇంధనం అంటుకునేంత వేగంగా సెల్ఫ్ తిప్పాలి. చిన్న డీజిల్ ఇంజిన్‌కు నిమిషానికి సుమారు 150 నుంచి 250 చుట్లు అవసరం. చెవికి తిరుగుతున్నట్టే వినిపించినా వేగం అంతకన్నా తగ్గితే ఇంజిన్ అందుకోదు.

సిలిండర్ల సంఖ్యను బట్టి కూడా లక్షణం మారుతుంది. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 వంటి 15 హార్స్ పవర్ ట్రాక్టర్లకు ఒకే సిలిండర్ ఉంటుంది. ఆ ఒక్క నాజిల్ మొండికేస్తే బండి మొత్తం ఆగినట్టే. వీఎస్‌టీ శక్తి 180డి వంటి మూడు సిలిండర్ల ట్రాక్టరులో ఒక నాజిల్ పాడైనా మిగతా రెండూ కొట్టుకుంటూ కుంటుతూ అయినా స్టార్ట్ అవుతుంది. కాబట్టి మూడు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారిగా మూగబోతే ఒక్కొక్క నాజిల్‌ను అనుమానించే ముందు మూడింటికీ ఉమ్మడిగా ఉన్న ట్యాంకు, ఫిల్టర్, పంపు, ఆపే మీట, బ్యాటరీల వైపు చూడాలి.

విశాఖ పరిసరాల ప్రత్యేకత

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల చేపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ బోట్లు రేవులో లంగరేసి ఉంటాయి. ఎండకు ట్యాంకులు పగలు కాగి, రాత్రి చల్లారుతుంటాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ గాలి చేరి గోడలకు నీటి బొట్లుగా పట్టి అడుగుకు జారుతుంది. నిషేధం ముగిసే వేళకు అటు పల్లెల్లో తొలకరి మొదలవుతుంది. పద్మనాభం, ఆనందపురం, అనకాపల్లి, చోడవరం వైపు షెడ్డులో ఉన్న చిన్న ట్రాక్టర్లను కూడా అప్పుడే బయటికి తీస్తారు. అందువల్ల జూన్ నడిమి రోజులు ఈ ప్రాంతపు మెకానిక్కులకు ఊపిరాడని కాలం. వాళ్ల దగ్గరకు వచ్చే ఇంజిన్లలో చాలావాటికి జబ్బు ఒకటే, కదలకుండా నిలిచి ఉండటం.

ఉప్పుగాలి మరో కారణం. బ్యాటరీ కొసల మీద, ఎర్త్ తీగ ఛాసిస్‌ను తాకే చోట తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి కరెంటును అడ్డుకుంటాయి. రేవు పరిసరాల్లో బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి ఎయిర్ ఫిల్టర్లను తొందరగా పూడ్చేస్తుంది. పడమట మన్యం వైపు చలి కూడా ఇంజిన్‌కు పరీక్ష పెడుతుంది. ఒకే పద్ధతి అంతటా వర్తించినా, తీరంలో తుప్పునూ నీటినీ, రేవు చుట్టూ దుమ్మునూ, కొండల్లో చలినీ ముందుగా అనుమానించడం అనుభవం నేర్పిన వరుస.

మొదట అడగవలసిన ప్రశ్నలు

స్పానర్ పట్టుకునే ముందు మంచి మెకానిక్ కొన్ని ప్రశ్నలు వేస్తాడు. చివరిసారి బండి ఎలా ఆగింది, నడుస్తూ ఆగిందా, మనిషి ఆపాడా? ఆ తర్వాత ఏం విప్పారు? డీజిల్ ఎప్పుడు, ఎక్కడ పోశారు? ట్యాంకు పూర్తిగా ఖాళీ అయిందా? ఎన్నాళ్లు నిలిచి ఉంది?

ఈ జవాబులలోనే సగం దారి కనిపిస్తుంది. ఫిల్టర్ మార్చిన వెంటనే మొరాయిస్తే పైపుల్లో గాలి ఉందన్నమాట. పంపు దించి ఎక్కించాక మొరాయిస్తే టైమింగ్ మార్కులు కలిశాయో లేదో చూడాలి. డీజిల్ పోసిన కాసేపటికే ఆగితే నీరో, కల్తీయో. సాయంత్రం బాగా నడిచి పొద్దున్నే అందుకోకపోతే రాత్రంతా పైపులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని అనుమానించాలి.

తర్వాత చేతితో చూసేవి. ట్యాంకులో డీజిల్ ఉందా, దాని కాక్ తెరిచి ఉందా, ఇంజిన్ ఆపే తీగ పూర్తిగా లోపలికి వెళ్లిందా? తుప్పుపట్టి సగంలో నిలిచిన ఆపే తీగ పంపులోని ర్యాక్‌ను ఇంధనం ఇవ్వని స్థానంలోనే పట్టి ఉంచుతుంది. తీగ బదులు విద్యుత్ సొలెనాయిడ్ ఉన్న బళ్లలో తాళం ఆన్ చేయగానే పంపు దగ్గర ‘టక్’మని చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజునూ ఆ తీగనూ చూడాలి. ఇంత చిన్న లోపానికి పంపు మొత్తం విప్పిన సందర్భాలు తక్కువేమీ కావు.

పొగ చెప్పే సాక్ష్యం

సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఒక మనిషి సైలెన్సర్ వైపు చూస్తూ నిలబడాలి. పొగ అసలు రాకపోతే సిలిండర్‌లోకి డీజిల్ చేరడం లేదు, వెతుకులాట ఇంధన మార్గం మీదికి మళ్లాలి. తెల్లటి పొగ, ముక్కుకు పచ్చి డీజిల్ వాసనతో వస్తే డీజిల్ చేరుతోంది కానీ మండడం లేదు. అప్పుడు కంప్రెషన్, సెల్ఫ్ వేగం, చలి, టైమింగ్, ఇంధనంలో నీరు, సాధారణంగా ఈ అయిదింటిలో ఒకటి కారణం. నల్లటి పొగ వచ్చి ఇంజిన్ అందుకోబోయి ఆగుతుంటే గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఖర్చు లేని ఈ ఒక్క పరీక్ష వెతకవలసిన చోట్లను సగానికి తగ్గిస్తుంది. అందుకే ఏదైనా విప్పడానికన్నా ముందు ఇది రావాలి.

ఇంధన మార్గం

*గాలి పట్టడం.* ‘ఎయిర్ పట్టింది’ అన్నది డీజిల్ మెకానిక్కు నోట రోజూ వినిపించే మాట. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి వెంటనే నాజిల్‌కు చేరుతుంది. పైపులో గాలి బుడగ ఉంటే పంపు నొక్కిన నొక్కంతా ఆ బుడగ కుంచించుకోవడానికే సరిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. ట్యాంకు ఖాళీ కావడం, ఫిల్టర్ మార్చడం, వదులైన బంజో బోల్టు, నలిగిన రాగి వాషర్, ఎండకు పగిలిన రబ్బరు పైపు దీనికి మామూలు కారణాలు.

ట్యాంకు పంపుకన్నా కిందుగా ఉంటే, మెకానిక్కులు ఏసీ పంపు అనే చిన్న ఫీడ్ పంపు డీజిల్‌ను పైకి లాగుతుంది. ఆ లాగే దారిలో బీట పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వస్తుంది. పొడిగా ఉంది కదా అని ఆ పైపును వదిలేస్తే లోపం ఎప్పటికీ దొరకదు. ఫిల్టర్ ముందు ఒక జానెడు పారదర్శకమైన పైపు తాత్కాలికంగా బిగించి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి.

ఎయిర్ తీయడానికి వరుస ట్యాంకు నుంచి నాజిల్ వైపు సాగాలి. ట్యాంకు సగానికి పైగా నింపి, కాక్ తెరిచి, ఫిల్టర్ నెత్తిన ఉన్న గాలి తీసే బోల్టును రెండు చుట్లు వదులు చేస్తారు. ప్రైమర్ అనే చేతి పంపును నొక్కుతుంటే ముందు బుసబుసమని తెల్లటి నురగ వస్తుంది, తర్వాత నురగ పలచబడి బుడగలు ఒకటీ అరా దొర్లుతాయి, చివరికి నిండు ధారగా డీజిల్ వస్తుంది. ధార సాగుతుండగానే బోల్టు బిగించాలి. ధార ఆగాక బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఆ తర్వాత పంపు మీది బోల్టు దగ్గర ఇదే పని చేయాలి. చివరగా నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టును ఒక చుట్టు వదులు చేసి, గుడ్డ అడ్డం పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి సెల్ఫ్ కొడితే నట్టు సందు నుంచి డీజిల్ ఆగి ఆగి ఎగదన్నుతుంది. ఒక్కో నట్టూ బిగిస్తూ పోతుంటే చాలాసార్లు చివరి నట్టు బిగిసేలోపే ఇంజిన్ అందుకుంటుంది.

*నీరు.* నీరు డీజిల్‌కన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది. ఫిల్టర్ గిన్నె అడుగు బోల్టు తీసి గాజు సీసాలోకి కొద్దిగా పట్టి, కదపకుండా పది నిమిషాలు ఉంచితే నీరుంటే కింద వేరే పొరగా కనిపిస్తుంది. రెండింటి నడుమ నల్లగా, జిగటగా తీగ సాగే పదార్థం కనిపిస్తే అది నీటి అంచున పెరిగే సూక్ష్మజీవుల తెట్టు. తేమ ఎక్కువైన తీరంలో, నెలల తరబడి నిలిచిన ట్యాంకుల్లో ఇది పెరుగుతుంది. అప్పుడు ఫిల్టర్ ఒక్కటే మారిస్తే చాలదు, ట్యాంకు దించి కడగాలి. పంపు లోపలి భాగాలు డీజిల్ జిడ్డుతోనే అరగకుండా ఉంటాయి, నీరు చేరితే తుప్పుపట్టి బిగుసుకుంటాయి.

*పూడిక.* మడ్డి పట్టిన ఫిల్టర్ ఇంధనాన్ని ఆపేస్తుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం పూడుకుపోతే బండి కొంతసేపు నడిచి ఆగుతుంది, తర్వాత అందుకోదు. మూత తిప్పగానే ‘స్స్’మని గాలి లోపలికి లాగిన చప్పుడు వస్తే కారణం అదే.

*డీజిల్ నాణ్యత.* 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది పీపీఎంకు మించకూడదు, సీటేన్ సంఖ్య 51కి తగ్గకూడదు. సీటేన్ సంఖ్య ఇంధనం ఎంత తొందరగా అంటుకుంటుందో చెబుతుంది. కిరోసిన్ కలిపితే జిడ్డుతనం తగ్గి పంపు, నాజిళ్లు అరుగుతాయి. ఆ నష్టం ఆ రోజు కనిపించదు, తర్వాతి సీజన్‌లో బండి మొరాయించినప్పుడు బయటపడుతుంది.

*పంపు, నాజిల్.* పైవన్నీ చూశాక, గాలి లేని డీజిల్ పంపు దాకా వస్తూ కూడా నాజిల్ దగ్గర ఎగదన్నకపోతేనే పంపును అనుమానించాలి. నాజిల్ దాకా బలంగా వస్తూ కూడా మండకపోతే నాజిల్‌ను టెస్టింగ్ బల్ల మీద పెట్టి తుంపర చూడాలి. మంచి నాజిల్ మంచులా చిమ్మి టక్కున ఆగుతుంది. పాడైనది ధారగా పోస్తుంది, లేదా ఆగిన తర్వాత కూడా బొట్లు కారుస్తుంది. పంపు అమరిక రోడ్డు పక్కన చేసే పని కాదు. దానికి ధూళి లేని గది, కొలత యంత్రం ఉన్న పంపు వర్క్‌షాపే సరైన చోటు.

బ్యాటరీ, సెల్ఫ్

పూర్తిగా ఛార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దాకా చూపుతుంది. 12.2 చూపితే సగమే మిగిలిందని అర్థం. సెల్ఫ్ కొడుతుండగా వోల్టేజీ 9.5 కంటే దిగితే బ్యాటరీని పరీక్షించాలి. బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ మందంగా తిరిగితే కరెంటు దారిలో ఎక్కడో అడ్డుంది. సెల్ఫ్ కొట్టాక ఏ కొస చేతికి వేడిగా తగులుతుందో అక్కడే తుప్పుంది. విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు పూయాలి. ఎర్త్ తీగను మరిచిపోకూడదు. తీరంలో ఎక్కువగా దెబ్బతినేది అదే.

సెల్ఫ్ ఒక్కో విడతకు పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో కనీసం ఒక నిమిషం విరామం ఇవ్వాలి. ఆదుర్దాలో ఆపకుండా కొడితే చిన్న ఎయిర్ లోపం కాస్తా బ్యాటరీ, సెల్ఫ్ రెండూ మార్చే ఖర్చుగా మారుతుంది.

గాలి, కంప్రెషన్

ఎయిర్ ఫిల్టర్ తీసి ఒక్కసారి సెల్ఫ్ కొట్టి చూడటం చాలు, అందుకుంటే లోపం ఫిల్టర్‌లో ఉంది. ఫిల్టర్ లేకుండా మాత్రం బండిని పనికి తీసుకెళ్లకూడదు. ఆయిల్ బాత్ రకంలో నూనె గీత దాకానే ఉండాలి. దుమ్ముతో నూనె గుజ్జులా మారితే గాలి దారి మూసుకుంటుంది. నిలిచి ఉన్న బళ్లలో ఎలుకలు, కందిరీగలు గాలి గొట్టంలోనూ సైలెన్సర్‌లోనూ గూడు కట్టడం కూడా ఉంది.

కంప్రెషన్ లోపం చివరగా అనుమానించవలసినది, ఎందుకంటే దాని మరమ్మతు ఖరీదైనది. రింగులు, బోరు అరిగితే ఆయిల్ పోసే మూత తీసి సెల్ఫ్ కొట్టినప్పుడు అక్కడ పొగ గుప్పుగుప్పున వస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోతే రేడియేటర్ నీటిలో బుడగలు లేస్తాయి. టాపెట్ సందు మరీ బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇది సర్దుబాటుతో పోయే లోపం. నాజిల్ తీసి ఆ స్థానంలో గేజి బిగిస్తే ఆరోగ్యమైన ఇంజిన్ సాధారణంగా 25 నుంచి 35 బార్ చూపుతుంది. సరైన అంకె ఆ ఇంజిన్ పుస్తకంలో ఉంటుంది. చాలాకాలం నిలిచిన ఇంజిన్లలో రింగులు గాడిలోనే అతుక్కుపోయి కంప్రెషన్ తగ్గుతుంది. ఇంజిన్ నడక అందుకుని కొంతసేపు కాగితే అవి కొన్నిసార్లు మళ్లీ విడతాయి. అందువల్ల ఇంజిన్ విప్పాలన్న నిర్ణయం తొందరగా తీసుకోకూడదు.

మన్యం చలి

విశాఖ తీరంలో జనవరి తెల్లవారుజామునా చలి అంతగా ఉండదు. చింతపల్లి దగ్గరి లంబసింగిలో శీతాకాలపు కొన్ని ఉదయాలు సున్నా డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతాయి. అరకు, పాడేరు వైపూ చలి గట్టిదే. చల్లటి లోహం కుదించిన గాలి వేడిని తాగేస్తుంది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ వేగం తగ్గుతుంది, బ్యాటరీ శక్తి కూడా పడిపోతుంది. మూడూ ఒకేసారి కలిసొస్తాయి.

ఇంధనాన్ని చిన్న పక్క గదిలోకి చిమ్మే తరహా ఇంజిన్లకు ముందుగా వేడెక్కించే గ్లో ప్లగ్గులు ఉంటాయి. నేరుగా పిస్టన్ మీదికి చిమ్మే ఇంజిన్లలో చాలావాటికి అవి ఉండవు. గ్లో ప్లగ్గు కాలిపోయిన బండి తీరంలో ఏడాదంతా మామూలుగానే స్టార్ట్ కావచ్చు, కొండెక్కిన మొదటి తెల్లవారునే మొరాయిస్తుంది. కొన్నిరోజుల ముందు దాకా బాగుందే అని ఆశ్చర్యపోయే యజమానికి చెప్పవలసింది ఇదే: లోపం పాతది, చలి దాన్ని బయటపెట్టింది. తీగ విప్పి మీటరుతో చూస్తే మంచి ప్లగ్గు చాలా తక్కువ నిరోధం చూపుతుంది, కాలిపోయినది అసలు కరెంటు దాటనివ్వదు.

ముంపుకు గురైన ఇంజిన్

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫానులు పోయాక నీట మునిగిన ఇంజిన్‌కు వెంటనే సెల్ఫ్ కొట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. గాలి నొక్కుడుకు కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. పిస్టన్ మీద నీరు నిలిచి ఉండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. నాజిళ్లు విప్పి, ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి నీటిని బయటికి పంపాలి. ఇంజిన్ ఆయిల్, డీజిల్, ఫిల్టర్లు అన్నీ మార్చాలి. సెల్ఫ్, ఆల్టర్నేటర్ విప్పి ఆరబెట్టాలి. ఉప్పునీరైతే మంచినీటితో కడగడం కూడా తప్పదు, అదీ ఆలస్యం చేయకుండా. సముద్రపు నీటిలో మునిగిన ఇంజిన్‌కు రోజులు కాదు, గంటలే గడువు.

పెట్రోల్ ఇంజిన్లు, కొత్త తరం డీజిళ్లు

కలుపు తీసే యంత్రాలు, చిన్న ఫైబర్ పడవల అవుట్‌బోర్డ్ మోటార్ల వంటి వాటికి నిప్పురవ్వ కావాలి. ప్లగ్గు తీసి చూడటంతో మొదలుపెట్టాలి. తడిగా ఉంటే ఇంధనం వస్తోంది, రవ్వ లేదు లేదా పెట్రోల్ ఎక్కువైంది. పొడిగా ఉంటే కార్బురేటర్ దాకా ఇంధనం రావడం లేదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపే ముందు కార్బురేటర్‌ను ఖాళీ చేయడం మేలు.

2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార నియమాలు వర్తిస్తున్నాయి. వాటిలో చాలావాటికి కామన్ రైల్ వ్యవస్థ ఉంటుంది. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్‌కు మించుతుంది కాబట్టి నట్టు వదులు చేసి ఎయిర్ తీసే పాత పద్ధతి ప్రాణాపాయం. వాటికి స్కానర్‌తో లోపం కోడ్ చదవడమే దారి.

ప్రమాదాలు

నాజిల్ నుంచి దూసుకొచ్చే డీజిల్ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిమొనంత గాయమే కనిపించినా లోపల కండరం చచ్చిపోతుంది, చేయి తీసేయవలసి రావచ్చు. అలాంటి గాయానికి నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గ్లో ప్లగ్గులున్న ఇంజిన్‌కు ఈథర్ స్ప్రే కొడితే పేలుడుకు దారితీస్తుంది. గాలి గొట్టంలో మండే గుడ్డ పెట్టడం కూడా అంతే ప్రమాదం. గేరు న్యూట్రల్‌లో లేకుండా, సెల్ఫ్ కొసల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేస్తే బండి ముందున్న మనిషి మీదికే దూకుతుంది. మూసిన షెడ్డులో, బోటు ఇంజిన్ గదిలో తలుపులు తెరవకుండా ఇంజిన్ నడపకూడదు. ఇంజిన్ ఒక గంట ఆలస్యంగా నడిచినా నష్టం పూడుతుంది, చేయి పోతే పూడదు.

నిలిపే ముందు జాగ్రత్తలు

మొరాయించే ఇంజిన్లలో చాలావాటికి అసలు కారణం నిలిపిన రోజే పడుతుంది. బోటు నిషేధానికి ఆగేముందు, ట్రాక్టరు సీజన్ తర్వాత షెడ్డు చేరేముందు ట్యాంకు నిండా డీజిల్ పోస్తే తేమ చేరడానికి ఖాళీ ఉండదు. ఫిల్టర్ గిన్నెలోని నీరు తీయాలి, బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి, కొసలకు గ్రీజు రాయాలి, సైలెన్సర్ మూతికి కప్పు పెట్టాలి. పదిహేను రోజులకోసారి ఇంజిన్ పూర్తిగా కాగేదాకా నడపాలి. రెండు నిమిషాలు నడిపి ఆపేస్తే లోపల తేమ మిగిలి కీడే ఎక్కువ.

శిక్షణ, సహాయం

బోటు ఇంజిన్ డ్రైవర్లకు శిక్షణనిచ్చే సిఫ్‌నెట్ కేంద్ర సంస్థ విశాఖ విభాగం 1981 నుంచి పనిచేస్తోంది. వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ, పరీక్షలకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఐటీఐల డీజిల్ మెకానిక్ కోర్సు ఈ వృత్తికి మరో దారి. అయినా తొలి నిర్ధారణ చేయవలసింది బండి పక్కనే ఉన్న రైతు, బోటు మీదున్న సరంగు. పొగ రంగు ఏమిటి, నాజిల్ దగ్గర డీజిల్ ఎగదన్నుతోందా, సెల్ఫ్ కొడుతుండగా వోల్టేజీ ఎంత, చివరిసారి ఏం విప్పారు, ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే మెకానిక్ సరైన సామానుతో ఒక్కసారే వస్తాడు. అక్కర్లేని పంపు మరమ్మతు తప్పుతుంది. తొలకరి పదునులో ఒక రోజు, నిషేధం తర్వాతి వేటలో ఒక రోజు దక్కడం ఒక కుటుంబానికి ఎంత విలువైనదో తెలిసినవాళ్లకు ఈ నాలుగు ప్రశ్నలు నేర్చుకోవడం పెద్ద శ్రమ కాదు.